ఎవరి చెయ్యి

నవంబర్ 6, బుధవారం

కిడ్నీల పని ముప్ఫై ఎనిమిది శాతం. పోయినసారి నలభై ఆరు.

కాలేయం మాత్రం పెళ్ళికొడుకులా ఉందట. ఆరేళ్ళ కిందట సాన్ ఆంటోనియో పెద్దాసుపత్రిలో నా పొట్ట కోసి పెట్టిన పరాయి కాలేయం అది, దానికి ఏ లోటూ లేదు. పుట్టుకతో నావైన కిడ్నీలే నన్ను వదిలి పోతున్నాయి. డాక్టర్ ఒలివారెస్ కాగితం నా వైపు తిప్పి, "నొప్పి మాత్రలేమైనా వేసుకుంటున్నారా అమ్మా?" అన్నాడు. లేదన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ లేదన్నాను. మూడోసారి నన్ను చూడలేదు, పక్కనున్న మా ఆయన బాల్దోని చూశాడు. నా మొగుడు నేల చూపులు చూశాడు.

ఎందుకు చూసినట్టు?

ఈ నోటుబుక్కు బడి వంటింట్లో సరుకులు రాసుకున్నది, సగం ఖాళీగానే ఉంది. ఇకనుంచి అన్నీ ఇందులో రాస్తాను. ముప్ఫై ఏళ్ళు రోజుకి నాలుగువందలమంది పిల్లలకి వండి పెట్టాను. ఎవడు రెండో రొట్టె జేబులో వేసుకున్నాడో మొహం చూసి చెప్పేదాన్ని. ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఒక్క మొహం. ఆ మాత్రం పట్టుకోలేనా!

నవంబర్ 7

మోకాలు. ఒక మాత్ర. ఒకటి లెక్కలోకి రాదు.

నవంబర్ 12

సాన్ ఆంటోనియో నుంచి నర్సు ప్రూయిట్ ఫోను. రక్తంలో మందు పాళ్ళు ఐదో ఆరో ఉండాలి, నాకు పద్నాలుగు ఉందట.

"ఉదయం మాత్రలు వేసుకోకముందే రక్తం ఇచ్చారు కదా, ఎర్మినియా గారూ?"

"ఆరేళ్ళనుంచి ఇస్తున్నానమ్మా. ఆ మాత్రం తెలియదా నాకు?"

"ఎక్కువ పడిందేమో ఒకసారి చూసుకోండి."

"నేను వేసుకునేది డబ్బాలో ఉన్నంతే. డబ్బా నింపేది మా ఆయన," అన్నాను.

నోట్లోంచి ఆ మాట వచ్చాక ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఈ కాలేయం పరాయిదని ఒంటికి తెలియనివ్వకుండా మభ్యపెట్టే మందు అది. తగ్గితే కాలేయం పోతుంది, పెరిగితే కిడ్నీలు పోతాయి. ఆ మందువల్లే నా చేతులు వణుకుతాయి, అందుకని ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే వారం డబ్బాలో గడి గడికీ మాత్రలు సర్దేది బాల్దోనే. ముప్ఫై ఏళ్ళు నర్సరీలో నారింజ మొక్కలకి అంటు కట్టిన చేతులు ఆయనవి, వణకవు. ఆ చేతుల్ని ఇన్నాళ్ళూ నేను చూడనే లేదు.

నవంబర్ 17, ఆదివారం

కిటికీ పక్కన నిలబడి చూశాను. ప్రతి గడీ రెండుసార్లు లెక్కపెడుతున్నాడు. నిజాయితీగా చేసే పనిని ఎవరైనా రెండుసార్లు లెక్కపెడతారా?

నేను లోపలికి రాగానే మూత టక్కున వేశాడు.

"ఏమిటే అలా చూస్తున్నావు?"

"చూడకూడదా? నా మందులేగా."

"చూడు, చూడు. గవర్నరు తనిఖీకొచ్చినట్టు చూడు," అని నవ్వాడు. ఆ నవ్వు కొంచెం ఎక్కువైంది.

నవంబర్ 24

మోకాలు. ఈసారి సరిహద్దు వంతెన అవతల ప్రోగ్రెసోలో కొన్న మాత్రలు ఉత్త సుద్దముక్కలు. రెండు వేసుకున్నా నొప్పి ఎక్కడిదక్కడే ఉంది. మందులషాపు వాడు కూడా మోసగాడే అయిపోయాడు. సీసా మళ్ళీ మొక్కజొన్న పిండి డబ్బా అడుగున పెట్టేశాను. ఇంకెవరికీ చెప్పేంత విషయం కాదిది.

డిసెంబర్ 3

పెరట్లో చెట్టు విరగకాసింది. ఫిబ్రవరి 2021 మంచుకి ఈ వెస్లాకోలో సగం తోటలు మాడిపోయాయి, మా నారింజా ఎండి కట్టె అయింది. మరుసటి ఏడు అడుగునుంచి చిగురేసింది. బాల్దో గొడ్డలి తెచ్చాడు. నేను చీపురు పట్టుకుని అడ్డంగా నిలబడ్డాను. నన్నూ ఇక బతకదనే అన్నారు కదా. పండు ఇదివరకటి తీపి లేదు, పుల్లగా ఉంది. అంత చలి తిన్నాక ఏ చెట్టుకి తీపి మిగులుతుంది? నాకు మిగిలిందా?

ఉదయం మాత్రలు దీని రసంతోనే మింగుతాను. కొంచెం తియ్యటి పొడి వేసుకుంటే చాలు. ఫ్రిజ్ మీద కాగితంలో గ్రేప్‌ఫ్రూట్ వద్దు, పంపరపనస వద్దు, పుల్ల నారింజ వద్దని ఉంది. ఊరంతా గ్రేప్‌ఫ్రూట్ కోతలు జరుగుతున్నా ఆరేళ్ళుగా ఒక్క తొన కూడా ముట్టలేదు. నా అంత నియమంగా ఉండేవాళ్ళెవరో చూపించమనండి.

డిసెంబర్ 15, ఆదివారం

కూతురు నెరేయిదా తమాలేలు చేద్దామని వచ్చింది, మొక్కజొన్న పొట్టులో పిండీ మాంసమూ చుట్టి ఉడికించడానికి. పంది మాంసం రాత్రే నారింజ రసంలో నానేశాను. పిండి కలుపుతూ ఉంటే తండ్రీ కూతుళ్ళు కారు దగ్గర గుసగుసలు. తలుపు ఓరగా తీసి విన్నాను.

"అమ్మకి చెప్పకు," అంటున్నాడు బాల్దో. "చెపితే ఇంకోచోట దాస్తుంది."

నన్ను చూసి ఇద్దరూ మొక్కజొన్న పొట్టు గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది, అంతే.

వంటింట్లో నెరేయిదాని నిలదీశాను. "మీ నాన్న నా మందుల్లో చెయ్యి పెడుతున్నాడు. నీకు తెలుసు."

"అమ్మా, నాన్న నీ మందుల్లో చెయ్యి పెట్టకపోతే ఎవరు పెడతారు? డబ్బా నింపేదే ఆయన."

"అదే అంటున్నా."

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందట. అలా ఉంది నీ వరస."

"నాకు నిజంగానే కామెర్లు వచ్చాయే," అన్నాను. "ఎనిమిది నెలలు ఉన్నాయి. లోకం ఏమీ పచ్చగా కనబడలేదు. ఎవరి మొహం ఎలా ఉందో అలాగే కనబడింది."

పిల్ల తల వంచుకుని పిండి పిసికింది. దొరికిపోయింది కాబట్టి.

డిసెంబర్ 22

డబ్బా నేను తీసేసుకున్నాను. మందుల సీసాలన్నీ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో పతకంతో పాటు వేసుకున్నాను. మాత్రలు చేతిలోంచి జారి రెండు పొయ్యికిందికి పోయాయి. బాల్దో తీసి పెడతానన్నాడు. వద్దన్నాను.

జనవరి 3

పదిహేను.

డబ్బా నేనే నింపాను. ప్రతి మాత్రా నేనే వేసుకున్నాను. అయినా పదిహేను. అంటే మాత్రల్లో కాదు. తిండిలో వేస్తున్నాడు. పొద్దున్న గుడ్లు ఆయనే చేస్తాడు, బీన్సు ఆయనే ఉడికిస్తాడు. అంత ప్రేమగా వండే మగవాళ్ళు మా వీధిలో ఇంకెవరున్నారు?

ఇవాళ్టినుంచి నా చేత్తో చేసినది తప్ప నోట్లో పెట్టను. నా టోర్టియా రొట్టెలు, నేను నానేసిన మాంసం, నేను పిండిన రసం.

"ఎర్మీ, గుడ్లు చల్లారిపోతున్నాయి," అన్నాడు.

"నువ్వే తిను."

తిన్నాడు. నా పళ్ళెం కూడా ఖాళీ చేశాడు. నా కళ్ళముందే తిని చూపించాలనుకున్నట్టుంది.

జనవరి 10

ఈరోజు మూడు గ్లాసుల రసం. ఇంకెవరి చెయ్యీ పడలేదు.

జనవరి 16, సాన్ ఆంటోనియో ఆసుపత్రి

చేతులే కాదు, పెదాలు కూడా వణికాయి. సంతకం పెట్టలేకపోయాను. పొటాషియం బాగా పెరిగిపోయిందని రెండు రోజులు మంచం మీద పడుకోబెట్టారు. ఇరవై ఏడు శాతం.

ఇరవైకి దిగితే కొత్త కిడ్నీ వరసలో పేరు రాస్తారట, ఆలోపే కాగితాలన్నీ సిద్ధం చేసుకోవాలట. అది దొరక్కపోతే కుర్చీ. ఆ కుర్చీ నాకు తెలుసు. టైర్ల కొట్టు పక్కన డయాలసిస్ సెంటర్లో మా అమ్మ మూడేళ్ళు సోమ, బుధ, శుక్రవారాలు అందులోనే కూర్చుంది. చివరికి ఇంటికి తెచ్చినా ఆ మూడు వారాలూ రాగానే పొద్దున్నే లేచి చెప్పులు వేసుకునేది. నాకు భయంగా ఉంది. ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను.

మధ్యాహ్నం సోషల్ వర్కర్ వచ్చింది. బాల్దోని బయటికి పంపి తలుపు వేసింది.

"మీ మందుల్లో మీ ఆయన ఏదో చేస్తున్నాడని ఇక్కడి నర్సుతో అన్నారట. నిజమేనా?"

"అంకెలు చూడమ్మా. నేను చెప్పేదేముంది?"

"ఇంట్లో మీకు భద్రంగా ఉందా?"

నలభై ఒక్క ఏళ్ళ కాపురం. అవును అనటానికి ఎంతసేపు పడుతుంది? నేను, "తెలియదు," అన్నాను.

ఆమె రాసుకుంది.

జనవరి 19

ఇంటికి వచ్చాను. బాల్దో లేడు. ఆసుపత్రిలో ఒక గదిలో ఆయన్ని గంటసేపు కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారట. వచ్చి రెండు చొక్కాలు, గడ్డం గీసుకునే సామాను తీసుకుని చెల్లెలు తోమాసా ఇంటికి వెళ్ళిపోయాడట. నెరేయిదా సెలవు పెట్టి నాతో ఉంది, కానీ నాతో మాట్లాడటం లేదు. గిన్నెలతో మాట్లాడుతోంది.

తప్పు చేయనివాడు ఎందుకు పారిపోతాడు?

జనవరి 20

రెండు గ్లాసులు.

జనవరి 27

ఆసుపత్రిలో ఉండగా రక్తంలో మందు ఎనిమిదికి దిగింది. ఇంటికి వచ్చిన వారానికి పదిహేడు.

అంటే విషం ఇంట్లోనే ఉంది. కానీ ఆయన ఇంట్లో లేడు. డబ్బా నా దగ్గరే, తాళంచెవి నా మెడలోనే ఉన్నాయి.

అయితే ఎవరు?

నెరేయిదా నింపి పెట్టిన నీళ్ళ సీసా పారబోశాను. అది చూసింది. నా కన్నకూతురు నన్ను ఎలా చూసిందంటే, రాయలేను.

జనవరి 30

ఇవాళ జరిగింది వరసగా రాయాలి, లేకపోతే రేపు ఇంకోలా గుర్తు పెట్టుకుంటాను.

ఆహారం సంగతులు చూసే అమ్మాయి సాన్ ఆంటోనియో నుంచి ఫోను చేసింది. వారంలో నోట్లోకి పోయినదంతా చెప్పమంది. నెరేయిదా ఫోను బల్లమీద పెట్టి ఒక్కొక్కటే చదువుతోంది. టోర్టియా, మాంసం, గుడ్లు, నారింజ రసం.

"డబ్బా రసమా?"

"కాదు, మా పెరట్లోది."

"ఏ రకం నారింజ?"

"తియ్య నారింజ. నేనే నాటాను, పదహారేళ్ళయింది," అన్నాను.

"ఇప్పుడూ తియ్యగానే ఉందా అండీ?"

నా చూపు తియ్యటి పొడి డబ్బా వైపు పోయింది. నెరేయిదా నా వైపు చూసి, రెండో ఫోను తీసి తండ్రికి చేసింది. "నాన్నా, పెరట్లో చెట్టు ఏ రకం?"

బాల్దో గొంతు మామూలుగానే ఉంది. పది రోజుల తర్వాత విన్నాను. "ఏ చెట్టు, మీ అమ్మదా? అది తియ్య నారింజ కాదు తల్లీ ఇప్పుడు. పైన కట్టిన అంటు మంచుకి చచ్చిపోయింది. అడుగున ఉన్న పుల్ల నారింజ మొదలే చిగురేసి పెరిగింది. ముళ్ళు చూడు, వేలంత ఉంటాయి. అందుకే కొట్టేద్దామన్నా. మీ అమ్మ చీపురు తీసుకుంది. ఏం, ఎందుకు?"

ఫోనులో అమ్మాయి చాలా నెమ్మదిగా చెప్పింది. గ్రేప్‌ఫ్రూట్ చేసే పనే పుల్ల నారింజా చేస్తుందట. ఆ రసం కడుపులో ఉంటే మందు విరగదు, నెత్తురులో పేరుకుపోతుంది. ఒక మాత్ర రెండు మాత్రలై కూర్చుంటుంది.

ఫ్రిజ్ మీద కాగితంలో ఉంది. ఆరేళ్ళుగా ఉంది. అది మా చెట్టు గురించి అని నాకు తట్టలేదు. ఆ చెట్టుని నేను నాటాను, దాని పేరు నాకు తెలుసు, ఇక దాన్ని అడిగేదేముంది అనుకున్నాను. బాల్దోకి చెట్టు సంగతి తెలుసు, కాగితం సంగతి తెలియదు. కాగితం చదివేది నేనే, ఇంకెవరినీ చదవనివ్వను కాబట్టి.

ఆయన వండింది తినడం మానేసి నేను రోజుకి మూడు గ్లాసులు తాగాను.

జనవరి 31

చెట్టు నాకు ఇదివరకే అనుమానంగా ఉండేది.

లేదు. అబద్ధం. ఊరంతటినీ అనుమానించాను, దాన్నొక్కదాన్నే అనుమానించలేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

డాక్టర్ ఒలివారెస్ దగ్గరికి బాల్దో కూడా వచ్చాడు, నెరేయిదా పిలిచింది. మా ఇద్దరి మధ్య కుర్చీలో అది కూర్చుంది. మందు పాళ్ళు దిగాయి. కిడ్నీలు మాత్రం ఇరవై ఎనిమిది దగ్గరే ఆగాయి. పోయింది తిరిగి రాదన్నాడు.

"ఇది ఎవరు చేశారు డాక్టర్? నారింజా?"

"కొంత నారింజ. ఎక్కువ భాగం ఆరేళ్ళుగా మిమ్మల్ని బతికించిన ఆ మందే. కొంత నొప్పి మాత్రలు, అవి వేసుకుని ఉంటే."

నేను నా సంచి జిప్పు సర్దుకున్నాను. అప్పుడు బాల్దో గొంతు సవరించుకున్నాడు.

"పిండి డబ్బాలో సీసా ఆగస్టులో దొరికింది డాక్టర్. ఏ మాత్రైతే కిడ్నీకి హాని లేదో నర్సుని అడిగాను. సెప్టెంబర్ నుంచి అందులో జ్వరం మాత్రలు పెట్టాను, చూడ్డానికి ఒకేలా ఉన్నవి. తను ఎన్ని వేసుకుంటోందో ప్రతి శనివారం లెక్కపెట్టాను. హద్దు దాటకుండా చూసుకున్నాను."

మొదట నాకు వచ్చింది ఏమిటో నిజంగా రాస్తాను. సంతోషం వచ్చింది. చూశారా, నా మాత్రలు మార్చాడు! నొప్పి మాత్రల సంగతి డాక్టర్ చెవిన వేసిందీ ఆయనే! నేను అన్నదంతా నిజమే! నోరు తెరిచి అనబోయాను కూడా. నెరేయిదా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మొహం మీద అడగొచ్చుగా?" అన్నాను చివరికి.

"అడిగాను, ఎర్మినియా. ఆగస్టులో. మోకాలికి ఏం వాడుతున్నావని అడిగాను. దేవుడిమీద ఒట్టేసి ఏమీ లేదన్నావు."

అన్నాను. ఈ బుక్కులో రాయలేదు, అప్పటికి బుక్కు మొదలుపెట్టలేదు. కానీ అన్నాను. నా కిడ్నీల్లో మిగిలినదేదో ఆయన దొంగచాటుగా మార్చిన మాత్రలవల్ల మిగిలింది. సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది.

ఫిబ్రవరి 8

కిడ్నీ వరసకి వెళ్ళాలంటే ఇంట్లో తోడు ఉండే మనిషి ఒకరు సంతకం పెట్టాలి. మందులు చూసుకునేది, ఆసుపత్రికి తీసుకెళ్ళేది ఆ మనిషే. నా ఫైలులో "ఇంట్లో భద్రత తెలియదు" అని ఉంది. భర్త సంతకం చెల్లదట. నెరేయిదా ఉద్యోగం మానుకుని ఇక్కడ ఉండలేదు.

ఫైలులో ఆ మాట నేను రాయించినదే. కొట్టేయించాలన్నా నేనే వెళ్ళాలి. వెళ్ళి మాత్రలు దాచి అబద్ధమాడానని చెప్పాలి. మందుల విషయంలో అబద్ధమాడేవాళ్ళకి కిడ్నీ ఇవ్వడానికి వెనకాడతారు, అది ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. చెప్పకపోతే బాల్దో పేరు అలాగే ఉండిపోతుంది.

రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించాల్సి వచ్చినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

ఫిబ్రవరి 13, సాన్ ఆంటోనియో

అదే సోషల్ వర్కర్. నాలుగు గంటలు బాల్దోనే బండి నడిపాడు, రేడియో పెట్టుకుని.

"మా ఆయన నాకు హాని చేయలేదు," అన్నాను. "ఆ రోజు తెలియదు అన్నాను కదా, అది తప్పు. నొప్పి మాత్రలు నేనే తెచ్చుకుని దాచాను, ఐదేళ్ళుగా. డాక్టర్‌కి అబద్ధం చెప్పాను. ఆయనకి ఒట్టేసి అబద్ధం చెప్పాను. రసం నేనే పిండుకుని తాగాను. రాసుకోండి."

"ఇది కిడ్నీ కమిటీ ముందుకి వెళుతుంది, ఎర్మినియా గారూ."

"వెళ్ళనివ్వండి. ఆయన పేరు మీద రాసింది మాత్రం కొట్టేయండి. నా ముందే కొట్టేయండి."

కొట్టేయడం కుదరదట, కింద ఇంకో మాట చేర్చడమే కుదురుతుందట. చేర్చింది. చదివి వినిపించమన్నాను. వినిపించింది.

తర్వాత బాల్దోని పిలిచి కాగితం ఇచ్చారు. పూర్తిగా చదివి సంతకం పెట్టాడు, బాల్దొమేరో సెపుల్వెదా అని, ఒక్క అక్షరం కూడా వదలకుండా. కమిటీ ఆరు నెలలు చూసి చెబుతుంది. ఈలోపు అంకె ఇరవైకి దిగినా ఆగాల్సిందే.

దారిలో, "ఇంటికి వచ్చేయి," అన్నాను.

"తోమాసా దగ్గర బాగానే ఉంది," అన్నాడు. "వస్తాలే, పనులకి వస్తా."

ఫిబ్రవరి 24

వచ్చాడు. రక్తం ఇచ్చే చోటికి తీసుకెళ్ళాడు. చెట్టు కొట్టేశాడు, దుంగలు పేర్చాడు, మొదలు తవ్వి తీశాడు. మధ్యాహ్నం వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, చెల్లెలు రేకులో చుట్టి పంపిన రొట్టె తిన్నాడు. నేను వండింది ముట్టుకోలేదు. నా వంటమీద అనుమానమా అని అడగబోయి మానుకున్నాను. ఆ మాట అడిగే మొహం నాకు లేదు.

మార్చి 9, ఆదివారం

ఇవాళా వచ్చాడు. కుళాయి కారుతోంటే బాగుచేశాడు. చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు. నాకు మోకాలు బాగా సలుపుతోంది, మాత్రలు లేవు, ఇకమీదట ఉండవు. నోరు ఎండిపోయింది.

"బాల్దో, కాస్త మంచినీళ్ళు ఇవ్వు," అన్నాను.

నలభై ఒక్క ఏళ్ళ అలవాటు కదా, సగం లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"నువ్వే తీసుకో, ఎర్మీ."

"మోకాలయ్యా. లేవలేకపోతున్నా."

"తెలుసు." కోపం లేదు గొంతులో. కోపం ఉన్నా బాగుండేది. "బండి నడుపుతా. ఎక్కడికంటే అక్కడికి తీసుకెళతా. ఎన్ని సంతకాలైనా పెడతా. కానీ నా చేత్తో ఇచ్చింది ఏదీ నీ నోట్లోకి పోకూడదు. రేపు మళ్ళీ ఏ అంకైనా పెరిగితే, ఆ గదిలో ఇంకోసారి కూర్చోలేనే నేను. ప్రశ్నలడిగిన ఆ సోషల్ వర్కర్ పిల్ల నా కూతురు వయసుది. పెళ్ళాన్ని చంపాలనుకుంటున్నావా అని అడిగింది."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆయన చూశాడు, చూసి కిటికీ వైపు తిరిగాడు.

బల్ల పట్టుకుని లేచాను. కూజా బరువుగా ఉంది, చేతులు వణికి సగం నీళ్ళు నేలమీద పడ్డాయి. బాల్దో వెంటనే లేచి గుడ్డ తెచ్చాడు, నేను జారిపడకుండా నా పాదాల చుట్టూ వంగి తుడిచాడు. గ్లాసు మాత్రం ముట్టుకోలేదు.